రెండు సెకన్లలో తెరుచుకునే ట్రైపాడ్: మిగిలే సెకన్లు ఎన్ని, వాటి ఖరీదు ఎంత?

జనవరిలో కళింగపట్నం తీరాన సూర్యుడు 6:25 దాటాక గానీ కనిపించడు. జూన్ మొదట్లో అయితే 5:20 లోపే వచ్చేస్తాడు. నెల ఏదైనా, సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల దిగువన ఉన్నప్పుడు మొదలయ్యే మసక వెలుగు ఉదయంగా మారడానికి మన అక్షాంశంలో పట్టేది సుమారు 22 నుంచి 25 నిమిషాలే. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర నీటి మీద నీలం, గులాబీ రంగులు కలిసి ఉండేది అందులోనూ సగం సేపు. ఆ కాసేపట్లో లైట్‌హౌస్ వైపు ఒక ఫొటో, పడవల వైపు ఒకటి, నది వైపు ఒకటి కావాలంటే స్టాండ్‌ను మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూయాలి.

ప్రయాణాల్లో ఫొటోలు తీసేవాళ్లకు "ఒక్క లాగుతో నిలబడే ట్రైపాడ్", "రెండు సెకన్లలో సిద్ధం" అనే ప్రకటనలు ఇంతగా నచ్చడానికి కారణం ఇదే. ఆ ప్రకటనలు చెప్పేది అబద్ధమేమీ కాదు. కాకపోతే అవి మొత్తం పనిలో ఒక్క ముక్క గురించే మాట్లాడతాయి. సంచిలోంచి తీసిన క్షణం నుంచి మొదటి ఫొటో దాకా జరిగే పనుల వరుసలో కాళ్లు తెరవడం ఒక మెట్టు మాత్రమే. మిగతా మెట్లు ఏమిటో, ఆ ఒక్క మెట్టును వేగంగా ఎక్కడానికి ఏం వదులుకోవాల్సి వస్తుందో తెలిస్తే ధరల పట్టికలోని గందరగోళం చాలావరకు విడిపోతుంది.

## స్టాండ్‌లో ఏ భాగం ఏమిటి

పెళ్లి వీడియోలవాళ్లు, స్టూడియోవాళ్లు స్టాండ్ అనే ట్రైపాడ్ నిజానికి మూడు వస్తువుల కూర్పు. కింద కాళ్లు, వాటి మీద కెమెరాను అటూ ఇటూ తిప్పే హెడ్, కెమెరా అడుగున బిగించే ప్లేటు.

కాలు అంటే ఒక గొట్టంలో మరొకటి దూరే అంచెల వరుస. ప్రతి రెండు అంచెల మధ్యా ఒక లాకు ఉంటుంది. 3 అంచెల కాలుకు 2 లాకులు, మూడు కాళ్లకు కలిపి 6. 4 అంచెలైతే 9. 5 అంచెలైతే 12. అంచెలు పెరిగే కొద్దీ మడిచినప్పటి పొడవు తగ్గుతుంది, లాకుల లెక్క పెరుగుతుంది. ప్రయాణానికి చేసే ట్రైపాడ్ల తగువంతా ఈ రెంటి మధ్యే.

చిన్నగా మడవడానికి మరో ఉపాయం, కాళ్లను 180 డిగ్రీలు వెనక్కి తిప్పి హెడ్‌ను వాటి మధ్యలో ఇమిడ్చేయడం. మడిచిన పొడవు బాగా తగ్గుతుంది గానీ, తెరిచిన ప్రతిసారీ కాళ్లను మళ్లీ కిందికి తిప్పే పని అదనంగా చేరుతుంది.

హెడ్‌లలో ప్రయాణికులు ఎక్కువగా వాడేది బాల్ హెడ్. గుండ్రటి బంతిని ఒక గిన్నెలో పట్టి ఉంచి, ఒక్క నాబ్‌తో వదిలి, బిగించే రకం. నేల ఎగుడుదిగుడుగా ఉండి కాళ్లు కాస్త ఒరిగినా బంతిని వంచి కెమెరాను సమంగా నిలపవచ్చు. వీడియోకి వాడే పాన్ హెడ్‌లో ఈ సౌలభ్యం లేదు. దాని కింద కాళ్లు సమంగా లేకపోతే కెమెరాను పక్కకు తిప్పుతున్నంతసేపూ సముద్రపు గీత వాలిపోతూ ఉంటుంది.

## గంటస్తంభం ముందు ఒక సాయంత్రం: సెకన్ల లెక్క

విజయనగరం గంటస్తంభాన్ని చీకటి పడే వేళ, వాహనాల దీపాలు గీతల్లా సాగేలా తీయాలనుకుందాం. లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసి (ఎఫ్/11), వెలుగుకు సెన్సారు స్పందించే స్థాయిని తక్కువలో ఉంచి (ఐఎస్ఓ 100), 8 సెకన్ల పైన షట్టర్ తెరిచి ఉంచాలి. స్టాండ్ లేకుండా కుదరని ఫొటో. మామూలు 4 అంచెల ట్రైపాడ్‌తో, చేయి తిరిగిన మనిషి తీసుకునే సమయాన్ని ఉదాహరణకు ఇలా అనుకుందాం. సంచి నుంచి తీయడానికి 10 సెకన్లు, కాళ్లు పొడిగించి బిగించడానికి 25, నేల మీద సర్ది సమం చేయడానికి 20, కెమెరాను ప్లేటుతో ఎక్కించడానికి 15, ఫ్రేము చూసుకుని హెడ్ బిగించడానికి 20. మొత్తం 90.

ఇప్పుడు అదే చోట వేగంగా తెరుచుకునే కాళ్లు పెడదాం. 25 సెకన్ల పని 5 సెకన్లకు తగ్గింది. మొత్తం 90 కాస్తా 70 అయింది. ప్రకటనలో కాళ్లు అయిదు రెట్లు వేగం. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి మిగిలింది అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువ.

ఇక పాత ట్రైపాడ్‌నే ఉంచి రెండు అలవాట్లు మార్చి చూద్దాం. ప్లేటును కెమెరాకు ఎప్పుడూ బిగించే ఉంచితే 15 సెకన్లు 5 అవుతాయి. స్టాండ్‌ను సంచి లోపల కాకుండా పక్క జేబులో పట్టీతో పెడితే 10 సెకన్లు 4 అవుతాయి. ఇక్కడ మిగిలినవి 16. కొత్త యంత్రాంగం మిగిల్చిన 20కీ, ఖర్చు లేని ఈ 16కీ పెద్ద తేడా లేదు. రెండూ కలిస్తే 54 సెకన్లలో పని అయిపోతుంది. ఈ అంకెలు మనిషిని బట్టి మారతాయి, నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

మూయడాన్ని ఎవరూ ప్రకటించరు. కానీ పోటెక్కుతున్న అల ముందు, వాన చినుకు మొదలైనప్పుడు, ఆటో ఆగి హారన్ కొడుతున్నప్పుడు కావాల్సింది అదే. బరువుతో తమంతట తామే జారి తెరుచుకునే కాళ్లు, మూసేటప్పుడు ఒక్కొక్క అంచెనూ తోయాల్సినవైతే, లాభం సగమే.

## మూడు తరహాల లాకులు

తిప్పే లాకు రబ్బరు కడియంలా కాలు చుట్టూ ఉంటుంది. పావు నుంచి అర చుట్టు తిప్పితే వదులవుతుంది. బయటకు పొడుచుకొచ్చే భాగం లేదు కాబట్టి సంచిలో దేనికీ తగులుకోదు. కాళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నప్పుడు ఒకే వరుసలోని మూడు లాకులనూ ఒక గుప్పిట్లో పట్టి ఒకేసారి తిప్పవచ్చు. అప్పుడు 9 లాకులు 3 కదలికలవుతాయి. వెనక్కి మడిచే రకంలో హెడ్ మధ్యలో అడ్డుపడి కాళ్లు దూరంగా ఉంటే ఈ గుప్పిటి పట్టు కుదరదు.

తిప్పే లాకుకు ఉన్న అసలు ఇబ్బంది, బిగిసిందో లేదో కంటికి కనిపించకపోవడం. ఒక్కటి సగమే బిగిస్తే కాలు ఒక్కసారిగా కూలదు. కెమెరా బరువుకు మెల్లగా, మిల్లీమీటరు మిల్లీమీటరుగా దిగుతుంది. 20 సెకన్ల ఫొటో అంతా మసకబారుతుంది, తప్పు ఎక్కడుందో తెలియదు. అనుభవం ఉన్నవాళ్లు కెమెరా ఎక్కించే ముందు స్టాండ్ తల మీద అరచేత్తో గట్టిగా నొక్కి చూసేది ఇందుకే.

ఎత్తి దించే లాకు చిన్న మీటలా ఉంటుంది. తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది చీకట్లోనూ వేలికి తెలుస్తుంది. పక్కపక్కన ఉన్న మూడు మీటలనూ వేళ్లతో ఒకేసారి లేపవచ్చు. పీక్ డిజైన్ ట్రావెల్ ట్రైపాడ్ ఈ దారిలోనే వెళ్లింది. 2019లో జనం నుంచి ముందస్తు డబ్బు సేకరించి తెచ్చిన ఈ స్టాండ్‌కు 5 అంచెలు. గుండ్రం కాని కాళ్లు ఒకదాని పక్కన ఒకటి ఖాళీ లేకుండా అతుక్కుంటాయి. మడిచిన పొడవు 39 సెంటీమీటర్ల చిల్లర, పూర్తి ఎత్తు 152 సెంటీమీటర్ల పైన. 12 లాకులున్నా 4 కదలికల్లో తెరుచుకుంటుంది. మీటల బలహీనత ఏమిటంటే, వాటి బిగువు కాలంతో తగ్గుతుంది. చిన్న తాళపుచెవిలాంటి అలెన్ కీతో మళ్లీ బిగించుకోవాలి. ఆ కీ ఇంట్లో మరిచిపోతే ప్రయాణమంతా ఒక కాలు జారుతూనే ఉంటుంది.

మూడో తరహా ఇప్పుడు అందరూ అడుగుతున్నది. లాకుల మీద అదుపునంతా కాలు పైభాగానికి తేవడం. ఆలోచన కొత్తదేమీ కాదు. మాన్‌ఫ్రాట్టో చాలాకాలం క్రితమే నియోటెక్ అనే వరుసలో, కాలును కిందికి లాగితే చాలు ఎక్కడ ఆపితే అక్కడ పట్టుకునే ఏర్పాటు చేసింది. మూయడానికి ఒక బొత్తాం నొక్కాలి. టీవీ కెమెరాలవాళ్లు వాడే శాఖ్‌ట్లర్ ఫ్లోటెక్‌లో ప్రతి కాలుకూ పైనే ఒక మీట ఉంటుంది. దాన్ని లేపితే ఆ కాలులోని అంచెలన్నీ ఒకేసారి వదులవుతాయి. వంగి కింది లాకు అందుకోవాల్సిన పని లేదు. పరుగులమీద పనిచేసే వార్తా కెమెరామన్లకు అది పెద్ద ఊరట. అదే ఆలోచన ఇప్పుడు స్టిల్ కెమెరాల చిన్న ట్రైపాడ్లలోకి దిగుతోంది.

ఇక్కడ రెండు విషయాలు తూచి చూడాలి. మూడు కాళ్లూ ఒకే అదుపుకు కలిపి ఉంటే అవి ఒకే పొడవుకు సాగుతాయి. చదునైన రోడ్డు మీద బాగానే ఉంటుంది. నాగావళి రేవు మెట్ల మీద రెండు కాళ్లు కింది మెట్టుపైన, ఒకటి పై మెట్టుపైన పెట్టాలంటే ఒక్క కాలును విడిగా పొట్టి చేయగలగాలి. ఆ వీలు ఉందో లేదో కొనేముందు చూడాల్సిన మొదటి సంగతి. రెండోది, లాకులను పైకి కలిపే కడ్డీలు, స్ప్రింగులు గొట్టం లోపల ఉంటాయి. అవి తినే చోటు మేరకు గొట్టం లావవుతుంది, లేదా కాలు బరువెక్కుతుంది. లోపలికి ఇసుక చేరితే విప్పి తుడవడం మన చేతిలో ఉండకపోవచ్చు.

## సన్నని కాలు ఎందుకు ఊగుతుంది

గొట్టం గోడ మందం ఒకటే అనుకుంటే, వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసం ఘనానికి దగ్గరగా మారుతుంది. అట్టడుగు అంచె 20 మిల్లీమీటర్లు ఉన్న కాలు, 14 మిల్లీమీటర్లు ఉన్న కాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 20 ఘనం 8000. 14 ఘనం 2744. అంటే చూపుకు కొద్ది తేడా ఉన్న రెండు కాళ్లలో ఒకటి దాదాపు మూడు రెట్లు గట్టిది. అంచెలు పెరిగే కొద్దీ చివరి అంచె సన్నబడక తప్పదు. 5 అంచెల చిన్న ట్రైపాడ్ గాలికి వణకడానికి కారణం పనితనం లోపమే కానక్కర్లేదు, లెక్కే అంత.

మధ్యలో నిలువుగా లేచే సెంటర్ కాలమ్‌ది ఇంకా కఠినమైన లెక్క. ఒక కొసన పట్టి నిలిపిన కడ్డీ రెండో కొసన ఎంత వంగుతుందన్నది దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. 10 సెంటీమీటర్లు లేపినదాన్ని 20కి లేపితే అదే గాలికి 8 రెట్లు ఎక్కువ కదులుతుంది. అందుకే ఎత్తు చాలనప్పుడు ముందు కాళ్లు, చివరికి గానీ కాలమ్ జోలికి పోకూడదంటారు. వేగం కావాలనే తొందరలో చాలామంది దీన్ని తిరగేస్తారు. కాళ్ల చివరి అంచె లాకు విప్పడం బద్ధకమై కాలమ్‌ను పూర్తిగా లేపేస్తారు.

డబ్బా మీద రాసే "8 కిలోలు మోస్తుంది", "15 కిలోలు మోస్తుంది" అనే మాటలను కంపెనీల మధ్య పోల్చడానికి వాడకూడదు. ఎలా కొలవాలన్నదానికి అందరూ ఒప్పుకున్న ఒక పద్ధతి లేదు, ఎవరి లెక్క వారిది. పైగా కూలకుండా మోయడం వేరు, కదలకుండా ఉంచడం వేరు. ఫొటోకు కావాల్సింది రెండోది.

సముద్రపు గాలిలో సంచిని కాలమ్ కొక్కేనికి వేలాడదీయమనే సలహా అందరూ ఇస్తారు. సంచి గాలిలో ఊగితే అదే కొత్త కుదుపు. దాని అడుగు నేలను కాస్త తాకుతూ ఉండేలా కడితే బరువూ దక్కుతుంది, ఊపూ ఆగుతుంది. కెమెరా మెడ పట్టీ గాలికి రెపరెపలాడినా చాలు, టెలిఫొటో లెన్సుతో తీసిన ఫొటోలో అది కనిపిస్తుంది.

## ప్లేటు, దాని స్క్రూ

కెమెరా అడుగున ఉండే రంధ్రం పావు అంగుళానిది, అంగుళానికి 20 మరలు. హెడ్‌ను కాళ్లకు బిగించేది సాధారణంగా అంగుళంలో 3/8 వంతుది, అంగుళానికి 16 మరలు. మన హార్డ్‌వేర్ షాపులో ఎక్కువగా దొరికే 6 మిల్లీమీటర్ల బోల్టు చూడ్డానికి అచ్చం మొదటిదానిలాగే ఉంటుంది. కానీ కెమెరా రంధ్రం 6.35 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య 1.27 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల బోల్టుకు ఆ దూరం 1 మిల్లీమీటరే. ఒకటి రెండు చుట్లు ఎక్కి, బలవంతం చేస్తే కెమెరా మరలను తినేస్తుంది. సొంతంగా ఏదైనా తయారుచేసుకునేవాళ్లు "పావంగుళం బోల్టు", మేస్త్రీల భాషలో రెండు సూత్‌లది, అనే అడగాలి. పొడవు కూడా ముఖ్యమే. రంధ్రం లోతు చాలా తక్కువ, పొడవాటి బోల్టు అడుగును పొడుస్తుంది.

ప్లేట్లలో ఇప్పుడు బాగా వ్యాపించింది ఆర్కా స్విస్ తరహా. రెండు అంచులూ 45 డిగ్రీల వాలుతో, సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉండే పట్టీ ఇది. ఒక కంపెనీ పద్ధతిని మిగతావాళ్లు అనుసరించడం వల్ల వాడుకలోకి వచ్చిందే తప్ప రాతపూర్వక ప్రమాణం కాదు. అందువల్ల ఒకరి ప్లేటు, హెడ్ మీద దాన్ని పట్టి ఉంచే మరొకరి క్లాంపులో మిల్లీమీటరులో కొంత భాగం తేడాతో కూర్చుంటుంది. నాబ్ తిప్పి బిగించే క్లాంపుకు ఈ తేడా పట్టదు, ఎంత ఉంటే అంతకు బిగుస్తుంది. టప్పున మూసే మీట క్లాంపు వేగమైనదే, కానీ అది ఒక కొలతకు సర్ది ఉంటుంది. వేరే కంపెనీ ప్లేటు పెడితే మీట పూర్తిగా పడకపోవడమో, పడినా కెమెరా లోపల జారడమో జరుగుతుంది. రెండోది ప్రమాదం. మూసుకున్న చప్పుడు వచ్చింది కాబట్టి మనిషి చేయి వదిలేస్తాడు. ప్లేటు రెండు కొసల్లోనూ ఉండే బుల్లి స్క్రూలను అడ్డంగా ఉన్నాయని తీసేసేవారున్నారు. క్లాంపు వదులైనా ప్లేటు జారిపడకుండా ఆపేవి అవే.

ఫోన్‌తో తీసేవారికి ఈ మెట్టు ఇంకా నెమ్మది. స్ప్రింగు హోల్డర్‌లో ఫోన్ ఇరికించేటప్పుడు పక్క బొత్తాలు నొక్కుకుని తెర ఆగిపోతుంది. హోల్డర్‌ను ఎప్పుడూ స్టాండ్‌కే బిగించి ఉంచడం, బొత్తాలు లేని చోట దవడలు పట్టేలా చూడటం అసలు ఆలస్యాన్ని తీసేస్తాయి.

## "కెమెరాలోనే స్థిరీకరణ ఉండగా స్టాండ్ ఎందుకు?"

ఇది బలమైన వాదన. లెక్కతోనే చూద్దాం. కళింగపట్నంలో తెల్లవారుజాము వెలుగులో ఐఎస్ఓ 100, ఎఫ్/8 దగ్గర 8 సెకన్లు కావాల్సి వచ్చిందనుకోండి. 24 మిల్లీమీటర్ల లెన్సుతో చేత్తో తీయడానికి పాత లెక్క ప్రకారం (లెన్సు మిల్లీమీటర్లు ఎన్నో, సెకనులో సుమారు అన్నో వంతు) సెకనులో 30వ వంతు ఉండాలి. 8 నుంచి 4, 2, 1, సగం, పావు, 8వ వంతు, 15వ వంతు, 30వ వంతు. మధ్య దూరం 8 స్టాపులు, ఒక్కో స్టాపుకూ వెలుగు సగమవుతుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/2.8కి తెరిస్తే 3 స్టాపులు వస్తాయి. మిగిలిన 5 కోసం ఐఎస్ఓను 100 నుంచి 3200కు పెంచాలి. ఫొటో వస్తుంది. ముందున్న ఇసుక, వెనకున్న లైట్‌హౌస్ రెండూ స్పష్టంగా ఉండాలన్న కోరిక కొంత వదులుకోవాలి, ఆకాశంలో గరుకు భరించాలి.

సెన్సారును కదిపి చేతి వణుకును సరిచేసే కెమెరాలు 5 నుంచి 8 స్టాపుల దాకా సాయం చేస్తామంటాయి. ప్రయోగశాలలో కొలిచిన అంకెలవి. గాలిలో, తడి ఇసుకలో నిలబడిన మనిషికి అంత దక్కదు. అయినా వెడల్పాటి లెన్సుతో అర సెకను, సెకను చేత్తో తీయగలగడం ఒకప్పుడు ఊహకు అందని మాట. ఊళ్లు తిరుగుతూ ఫొటోలు తీసేవారిలో చాలామందికి ఇది చాలు. స్టాండ్ మోయడం మానేసినవారిని తప్పుపట్టాల్సిన పని లేదు.

ఫోన్లలోని నైట్ మోడ్ మరో దారి. చాలా ఫొటోలను వరుసగా తీసి ఒకటిగా కలుపుతుంది. కదలనివాటికి బాగా పనిచేస్తుంది, అలలకూ ఊగే పడవలకూ నీడలు కనిపిస్తాయి. ఆ ఫోన్లే స్టాండ్ మీద ఉన్నామని పసిగడితే ఎక్కువసేపు వెలుగు పోగుచేస్తాయి. ఐఫోన్ 30 సెకన్ల దాకా వెళ్తుంది. పిక్సెల్‌లోని నక్షత్రాల మోడ్ 4 నిమిషాల దాకా తీస్తుంది. అంటే ఫోన్ స్టాండ్‌ను అనవసరం చేయలేదు, ఎప్పుడో ఒకసారి తీసే వస్తువుగా మార్చింది. ఎప్పుడో ఒకసారి వాడేదానికి వేగం కన్నా తేలిక ముఖ్యం.

చేతి వణుకును సరిచేసే ఏ పద్ధతీ చేయలేనివి కొన్ని మిగిలే ఉన్నాయి. నీటిని పాలలా సాగదీయడం, నక్షత్రాలు, ఒకే ఫ్రేమును వేర్వేరు వెలుగుల్లో తీసి కలపడం, అందరితోపాటు మనమూ ఉండే కుటుంబ ఫొటో.

## స్టాండ్ పనికిరాని చోట్లు

విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చక్కని ఉదాహరణ. చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను అనే పొడవాటి చెట్టుమాను మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్లఏనుగు, అంజలి రథం, జాలరి వల. చుట్టూ జనసముద్రం. మామూలు ఎత్తుకు తెరిచిన ట్రైపాడ్ కాలు సుమారు 130 సెంటీమీటర్ల పొడవుతో 24 డిగ్రీల వాలున నిలిస్తే, మూడు పాదాలూ నేల మీద గీసే వలయం వ్యాసం మీటరు దాటుతుంది. ఆ జనంలో మీటరు చోటు దొరకదు, దొరికినా ఎవరి కాలో తగిలి పడతారు. అసలు అక్కడ స్టాండ్ తీర్చే సమస్యే లేదు. సిరిమాను కొసన కూర్చున్న పూజారి కదులుతున్నారు. కదిలే మనిషిని ఆపేది షట్టర్ వేగమే, సెకనులో 250వ వంతు లేదా ఇంకా తక్కువ. కెమెరా ఎంత కదలకుండా ఉన్నా ఆయన కదలిక మసకే.

టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షులది ఇంకోరకం అవసరం. చింతచెట్ల మీది పెలికాన్లను, పెయింటెడ్ స్టార్క్‌లను 400 మిల్లీమీటర్ల లెన్సుతో తీసేవారు ఎగిరే రెక్కల కోసం ఎలాగూ 1000వ వంతు పెడతారు. ఆధారం కావాల్సింది వణుకుకు కాదు, గంటసేపు ఎత్తి పట్టుకోలేని బరువుకు. ఇక్కడ ఒంటికాలి మోనోపాడ్ మేలు. 4 అంచెలకు 3 లాకులే, అడుగు పక్కకు వేయాలంటే మడవక్కర్లేదు.

గింజల సంచీ ఇంకా మేలు. జీన్స్ ప్యాంటు కాలు ముక్కను ఒక కొస కుట్టి, రెండో కొసకు జిప్ పెట్టి, మూడింట రెండు వంతులు నింపితే చాలు. నిండుగా కూరితే రాయిలా అయి లెన్సు దొర్లుతుంది. వాచ్ టవర్ రెయిలింగ్ మీద, కారు కిటికీ అంచున దాన్ని వేసి లెన్సును నొక్కితే ఒక సెకనులో సిద్ధం. ఇంతకన్నా వేగంగా తెరుచుకునే ఆధారం ఏదీ లేదు. సంచీని ఖాళీగా తీసుకెళ్లి, ఊళ్లో కిలో చోళ్లో పెసలో కొని నింపుకోవచ్చు. చోళ్లు సన్నగా గుండ్రంగా ఉంటాయి కాబట్టి లెన్సు చుట్టూ ఖాళీ లేకుండా సర్దుకుంటాయి, బరువు ఆనుతుంది. థర్మోకోల్ పూసలు తేలికే గానీ స్ప్రింగులా ఎగదన్నుతాయి. గింజలు తడిస్తే బూజు పట్టి మొలకెత్తుతాయి, లోపల పాలిథిన్ సంచి ఉంటే మంచిది.

వంచి కమ్మీకి చుట్టే గొరిల్లాపాడ్ లాంటివి చిన్న కెమెరాలకూ ఫోన్లకూ సరిపోతాయి. కీళ్లు కాలంతో వదులై బరువైన లెన్సును ముందుకు వాల్చేస్తాయి. కొనేటప్పుడు సొంత కెమెరా బరువుకు రెట్టింపు మోసేది చూడటం న్యాయం.

చోటు విషయంలో ఇంకొకటి. శాలిహుండం, ముఖలింగం లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని చోట్ల చేత్తో ఫొటో తీయడం వేరు, ట్రైపాడ్ వేయడం వేరు. రెండోదానికి ముందస్తు అనుమతి అడుగుతారు. ఆలయాల లోపల కెమెరాకే అనుమతి ఉండకపోవచ్చు. గింజల సంచీకి, చిన్న బల్లస్టాండ్‌కు అభ్యంతరం తక్కువే అయినా, అడిగి వేయడమే మర్యాద.

## ఇసుక, ఉప్పు, విప్పగలిగే లాకు

మన తీరంలో ట్రైపాడ్లను పాడుచేసేది బరువు కాదు, ఇసుక. అలవాటుగా అందరూ పై అంచెను ముందు తెరుస్తారు, అది లావుది కాబట్టి మంచిదే. అల తాకే చోట మాత్రం దీన్ని తిరగేయాలి. సన్నని అట్టడుగు అంచెను ముందు పూర్తిగా లాగితే, దాని పై లాకు నేలకు మూరెడు ఎత్తున ఉంటుంది. ఇసుకనీరు లాకును చేరదు. కాస్త ఊగినా లాకు బతుకుతుంది.

తడి ఇసుకలో స్టాండ్ దానంతటదే దిగుతుంది. అల వెనక్కి పోయేటప్పుడు పాదం కింది ఇసుకను కోసుకుపోతుంది. ఫొటో మొదలయ్యే ముందే ఒక్కొక్క కాలునూ నొక్కి తిప్పుతూ అది ఆగేదాకా దించితే, తర్వాతి అలకు దిగేది తక్కువ. పొడి ఇసుకలో పాదాల కింద డబ్బా మూతలు పెడితే నిలుస్తుంది, అల వచ్చే చోట అవి కొట్టుకుపోతాయి.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, కాళ్లన్నీ పూర్తిగా లాగి, లాకులు వదులుగా ఉంచి నీడన ఆరబెట్టాలి. మూసి పెడితే లోపలి చెమ్మ ఉప్పును అక్కడే ఉంచుతుంది. అల్యూమినియం గొట్టం మీద తెల్లటి పొడి లేస్తే అది తుప్పే. కార్బన్ కాలు తుప్పు పట్టదు, కానీ దానికి అతికిన అల్యూమినియం కడియం ఉప్పునీటి సమక్షంలో కార్బన్‌తో కలిసి మరింత వేగంగా తినుకుపోతుంది. ఖరీదైన కాళ్లకే ఎక్కువ కడుగుడు అవసరం.

తిప్పే లాకును పూర్తిగా విప్పితే లోపలి గొట్టం చేతికొస్తుంది. దాని కొసన చీలిన కొబ్బరిచిప్పల్లా రెండు ప్లాస్టిక్ అర్ధభాగాలు ఉంటాయి. బిగింపంతా వాటిదే. పాత పళ్ల బ్రష్‌తో ఇసుక దులిపి, మరలకు పలచగా గ్రీజు రాసి మళ్లీ ఎక్కించవచ్చు. ప్లాస్టిక్ ముక్కలకు గ్రీజు తగలకూడదు, తగిలితే పట్టు జారుతుంది. ఆ ముక్కలపై ఉండే చిన్న బొడిపె గొట్టం రంధ్రంలో కూర్చోవాలి. తిరగేసి పెడితే కాలు లోపలే గిరగిరా తిరుగుతుంది గానీ బిగియదు. ఒక కాలు ముక్కలు మరో కాలులో కలవకుండా ఒక్కో కాలునే విప్పి మూయడం పద్ధతి. మూడు కాళ్లకూ ఒక గంట పని.

పైనుంచి ఒకే అదుపుతో నడిచే కాళ్లలో ఈ గంట పని మన చేతిలో ఉందా లేదా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. కొన్నిటి కొస మూత సాధారణ అలెన్ కీతో వస్తుంది, కొన్నిటిది సర్వీస్ సెంటర్‌లో తప్ప రాదు. శ్రీకాకుళంలోనో ఇచ్ఛాపురంలోనో ఉండి వారానికోసారి తీరానికి వెళ్లేవారికి, ఉత్పత్తి పేజీలో రాసిన సెకన్ల కంటే మాన్యువల్‌లో కాలు విప్పే బొమ్మ ఉందో లేదో చూడటం ముఖ్యం.